ఇరవై ఒక్క రోజుల సీసా

యల్లక్క రక్తపు సీసాను ఐదో రోజున పారవేయించిన రిపోర్టుపై సంతకం నాదే.

మైక్రోబయాలజీ పాఠాలు చెప్పి రిటైరైన తరువాత, హిందూపురంలోని ఒక ప్రైవేటు ల్యాబ్‌లో కల్చర్ రిపోర్టులు పరిశీలించి సంతకం చేయడం నా పని. పోషక ద్రవం ఉన్న సీసాలోకి రోగి రక్తం ఎక్కించి, ముప్ఫై ఏడు డిగ్రీల వేడిలో ఉంచుతాం. మామూలు బ్యాక్టీరియా అరగంటకోసారి రెట్టింపవుతుంది. ఐదు రోజులు దానికి ఎక్కువే. గొర్రెల్లో గర్భస్రావం కలిగించి, ఆ స్రావాల నుంచి మనుషులకు సోకే బ్రూసెల్లాకు మాత్రం రెట్టింపు కావడానికి గంటలు కావాలి. అందుకే గొర్రెలు, పశువుల పని చేసేవారి సీసాను ఇరవై ఒక్క రోజులు ఉంచాలని నియమం పెట్టాను. ఎవరి సీసా ఎన్నాళ్లుండాలో ఫారంలోని ‘వృత్తి’ గడి చెబుతుంది.

యల్లక్క ఫారంలో ఆ గడిలో ‘గృహిణి’ అని ఉంది.

రిపోర్టు కోసం ఆమె, భర్త హనుమంతు పెనుకొండ దగ్గరి పల్లె నుంచి బస్సులో వచ్చారు. ఐదు వారాలుగా సాయంత్రమైతే జ్వరం, చెమటలు; నడుము వంగదు. ధర్మవరం డాక్టరు వెన్నెముక క్షయ అని అనుమానించాడు. కల్చర్‌లో ఏమీ రాకపోతే సోమవారం నుంచి ఏడాది పాటు మందులు వాడాలన్నాడట.

కాగితం అందుకోవడానికి యల్లక్క చాచిన చేతిని అప్పుడు చూశాను. గోళ్ల చుట్టూ పగుళ్లు. చీర నుంచి గొర్రెల దొడ్డి వాసన.

“గొర్రెలున్నాయా మీకు?”

“ఎనభై ఉండాయి మేడం,” అన్నాడు హనుమంతు. “ఈ తూరి పదకొండు గొర్రెలు నెలలు నిండకుండానే ఈసుకపోయినాయి.”

“చచ్చిన పిల్లలను బయటికి లాగింది ఎవరు?”

“ఇంకెవురు, యల్లక్కే. నా చెయ్యి లావు, లోపలికి పోదు.”

“మరి గృహిణి అని ఎందుకు రాయించావు?”

“ఆ పాప అడిగె, ఏం పని చేస్తాదని. ఏం చెయ్యదు, ఇంట్లోనే ఉంటాదంటి. మంద నా పేరుమీద కదా ఉండాది.”

బెంచీ మీద కూలబడిన యల్లక్క తల తిప్పింది. “ఔనప్పా, ఇంట్లోనే ఉండా. దొడ్డి గూడా ఇల్లే కదా నీకి! ఈనేదాని పక్కన పండుకునేది నేను, మందకి మొగుడు నువ్వు.”

సీసా ఏదని టెక్నీషియన్ కిరణ్‌ను అడిగాను.

“పొద్దున్నే ఆటోక్లేవ్‌లో ఉడికించేసినాం మేడం. మీ సంతకం అయిపోయింది కదా.”

అతని మాటలో తప్పు లేదు.

మళ్లీ రక్తం తీయాలన్నాను. “ఆమెలో యాడుండాది మేడం ఇంకా?” అన్నాడు హనుమంతు.

“నువ్వు గమ్మునుండు. ఈసారి నేను చెప్తా,” అని యల్లక్క ఫారం రాసే శైలజ వైపు తిరిగింది. “రాయి పాపా. గొర్రెలు కాస్తాది, వాటికి కాన్పులు చేస్తాది అని.”

గడి చాలలేదు. అక్షరాలు అంచులోకి పోయాయి.

ధర్మవరానికి ఫోన్ చేశాను. పది రోజులు ఆగుతాను, ఆ పైన వెన్నెముక ఆగదు అన్నాడు డాక్టరు. న్యాయమైన మాటే.

ప్రతి ఉదయం నేరుగా ఆ కొత్త సీసా దగ్గరికే వెళ్లాను. ఒక మనిషి రక్తంలో రోగం పెరగాలని కోరుకున్నాను. తొమ్మిదో రోజున, లోపల ఏదో పెరుగుతోందని సీసాను ఉంచిన యంత్రం సూచన ఇచ్చింది. అలవాటుగా బల్ల మీదే సీసా తెరవబోయిన కిరణ్‌ను, పీల్చినా సోకుతుందని ఆపి, గాలి బయటికి రాని గాజు అరలో తెరిపించాను. సూక్ష్మదర్శిని కింద సన్నని ఇసుకలా, రంగు పట్టి ఎర్రగా కనిపించే బ్యాక్టీరియా: బ్రూసెల్లా.

రిపోర్టు ధర్మవరం చేరింది. క్షయ మందులు మొదలు కాలేదు. వేరే మందులు మొదలయ్యాయి. జ్వరం తగ్గింది. కానీ ఒక వెన్నుపూస అంచు అప్పటికే కరిగిపోయిందని స్కానింగ్‌లో తేలింది. అందులో ఎన్ని రోజుల వంతు నా సంతకానిదో ఎవరూ కొలవలేరు.

మరుసటి వారం హనుమంతు ఒక్కడే వచ్చాడు. రెండు రోజులుగా ఒళ్లు వెచ్చగా ఉందట. ఏ పని చేస్తావని శైలజ అడగలేదు. తల ఎత్తకుండానే ‘గొర్రెల కాపరి’ అని రాసింది. ఏనాడూ గొర్రె లోపల చెయ్యి పెట్టని ఆ మనిషి సీసా, ఎవరూ చెప్పకుండానే, ఇరవై ఒక్క రోజుల అరలోకి వెళ్లింది.