డోర్లు లేని కారు

ఆ కారుకి డోర్లు పెట్టకూడదని అన్నాచెల్లెళ్లు మొదటి రోజే తేల్చేసుకున్నారు. అన్న దర్జీ, చెల్లెలు వెల్డరు. డోరంటే బందులు, గడియ, అద్దం, వాటి వెనక సవాలక్ష తిప్పలు. పైగా పక్కనుంచి కాలు దాటేసి ఎక్కే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు కావాలన్నది అన్న ముచ్చట. పాత బండి ఇంజిను, చెల్లెలు అతికిన ఇనప గొట్టాల చట్రం కలిసి ఆరేళ్లకు ఇంటి వెనక షెడ్డులో ఒక ఆకారానికొచ్చాయి. ఇక మిగిలింది ఒంటికి రేకులు తొడగడం, పక్కలకు అడ్డు గొట్టాలు బిగించడం. ఆ గొట్టాలు లేకపోతే రోడ్డెక్కనివ్వనని తనిఖీ అధికారి ముందే చెప్పాడు. ఆయన వచ్చేది సోమవారం. ఇది శనివారం.

రేకుల దగ్గర అన్న తన పనితనమంతా చూపించాడు. రేకు మీద నేరుగా గీత గీస్తే ఒప్పుకోడు. ముందు అట్ట కోయాలి, చట్రానికి కట్టి చూడాలి, సుద్దతో గుర్తు పెట్టాలి, ఆ తర్వాతే కత్తెర. అంతవరకూ బాగానే ఉంది. తీరా పక్క రేకు తెచ్చి ఆనిస్తే చుట్టూరా అరంగుళం ఎక్కువొచ్చింది.

"ఇదేంటన్నయ్యా?"

"కుట్టుకి వదిలాను."

"రేకుని కుడతామా?"

"రేపు ఒళ్లు చేస్తే విప్పుకోవాలి కదే!"

"కారు ఒళ్లు చేస్తుందా?"

"అంతంత పెట్రోలు తాగేది చెయ్యకేం చేస్తుంది?"

చెల్లెలు పడీపడీ నవ్వింది. నవ్వి, ఆ అరంగుళాన్ని లోపలికి మడిచి చెక్క సుత్తితో కొట్టింది. చొక్కా అంచు మడిచినంత అందంగా కుదిరింది, చెయ్యి రాసినా గీసుకోదు. అన్న పొంగిపోయాడు. "ముప్ఫై ఏళ్ల అనుభవం!" అని భార్యకి వినపడేలా రెండుసార్లు అన్నాడు. ఆవిడ రెండుసార్లూ వినపడనట్టే ఉంది.

మధ్యాహ్నానికి రివెట్లు పడ్డాయి. రేకుల లోపల, సీటు పక్కన, మోచేతి ఎత్తుదాకా చెల్లెలు ఒక్కో వైపు రెండేసి గొట్టాలు అతికింది. పక్కనుంచి ఏ బండైనా వచ్చి గుద్దితే ముందు ఆ గొట్టం దెబ్బ తినాలి, తర్వాతే మనిషి. ఈ విషయంలో ఆమె ఎవరి మాటా వినదు. ప్రతి అతుకునూ కొట్టి చూసి, చేతులు తుడుచుకుంది.

"ఇంక ఎక్కన్నయ్యా."

అన్న కుడి మోకాలు కుట్టుమిషను తొక్కీ తొక్కీ రెండేళ్ల కిందటే మొరాయించింది, సగం కూడా మడవదు. నిన్నటిదాకా పక్కలు ఖాళీ, స్టీరింగూ నిన్న రాత్రిదాకా పెట్టలేదు కాబట్టి జారి కూర్చునేవాడు. ఇప్పుడు పై గొట్టం మీద కూర్చుని ఎడమ కాలు లోపల పెట్టాడు. కుడి కాలు వెళ్లి స్టీరింగుకి తగిలింది. వెనక్కి వాలాడు, పక్కకి ఒరిగాడు, భార్య వచ్చి భుజం పట్టి తోసింది. తల ప్రాణం తోకకొచ్చింది గానీ కాలు లోపలికి రాలేదు.

"ఇంతకీ ఇది ఎవరి కొలతలకి కుట్టారండీ?" అంది వదిన.

అప్పుడు తట్టింది ఇద్దరికీ. టేపు ఎప్పుడూ అన్న చేతిలోనే ఉండేది, కొలతలకని సీట్లో కూర్చునేది ఎప్పుడూ చెల్లెలే. ఊరందరి ఒళ్లూ కొలిచిన మనిషి తన ఒళ్లు కొలుచుకోవడం మర్చిపోయాడు.

ఆరేళ్లుగా అన్న అన్నం తిన్న కంచాన్ని స్టీరింగులా తిప్పి వదినచేత తిట్లు తినడం చెల్లెలు చూస్తూనే ఉంది. తనకీ నడపాలని ఉండేది. అన్న ముచ్చటకి అడ్డెందుకని నోరు కట్టేసుకుంది. ఇప్పుడు కోత మిషను అందుకుంది.

"పై గొట్టం కోసేస్తా."

"ముట్టుకున్నావంటే ఊరుకోను!" అన్నాడు అన్న. "రేపెవడో వచ్చి గుద్దితే మీ వదిన నిన్ను బతకనిస్తుందా?"

"నన్నెందుకు లాగుతారు మధ్యలో?" అంది వదిన.

అన్న దిగి, మోకాలు రుద్దుకున్నాడు. "నువ్వెక్కు."

ఆమె గొట్టం దాటి ఒక్క ఊపులో కూర్చుంది. పాదాలకి పెడల్స్ అందాయి, చేతులకి స్టీరింగు అందింది. ఆపుకుందామన్నా ముఖం నిండా నవ్వొచ్చేసింది. అన్న ముఖం ఆ క్షణం చిన్నబోయింది. చిన్నబోలేదని చెబితే అబద్ధం. ఆ వెంటనే దుకాణంలో కొత్త చొక్కా తొడిగి చూసే మనిషిని చూసినట్టు ఆమెను ఎగాదిగా చూశాడు.

"ఎక్కడైనా పట్టేసిందా?"

"లేదు."

"నీకు నడపాలనుందా?"

"ఉంది."

"ఎన్నాళ్లనుంచి?"

"మొదటినుంచీ."

"చెప్పి ఏడవొచ్చుగా మొద్దూ!" అంటూ తానే కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత కారు చుట్టూ తిరిగి ఎడమ వైపు గొట్టం మీద కూర్చున్నాడు. అటు స్టీరింగు లేదు, పెడల్స్ లేవు. బిగుసుకున్న కాలు బిగుసుకున్నట్టే తిన్నగా లోపలికి వెళ్లింది, దాని వెనకే మనిషి సీట్లో దబ్బుమని పడ్డాడు. వదిన చప్పట్లు కొట్టింది.

సోమవారం అధికారి వచ్చి గొట్టాలు ఊపి చూశాడు, మడిచిన అంచుల మీద వేలు రాసి చూశాడు, కాగితం తీశాడు.

"బండి ఎవరు నడుపుతారు?"

చెల్లెలు అలవాటుకొద్దీ అన్నని చూపించబోయింది.

"మా చెల్లెలండీ," అన్నాడు అన్న గొంతు పెంచి. "ఆమె ఒంటికే కుట్టాను. వేరేవాళ్లకి పట్టదు."