మూడు వరసల తమలపాకు

1986 వేసవిలో రాజోలు దగ్గర బంగారరాజుగారి తమలపాకు తోటలో కొత్త ఆకు సరిగ్గా పెరగలేదు. అరచేతంత కావలసింది మూడంగుళాల దగ్గరే ఆగిపోతోంది. ఆకు సాగడానికని ఆయన హార్మోను మందు రెండుసార్లు చల్లించారు. ఫలితం లేదు. నర్సాపురం వ్యాపారులు ఆ ఆకు వద్దన్నారు.

చివరికి ఎలీసమ్మకు కబురు పంపారు. ఆమె అమలాపురంలో కాలేజీ పిల్లలకు వృక్షశాస్త్రం చెబుతుంది. ఆమె తల్లి దానమ్మ ఇరవై ఏళ్ళు ఈ తోటలోనే ఆకు కోసింది. ఇద్దరూ కలిసే వచ్చారు.

ఎలీసమ్మ ఇంజను తోడే ఫిల్టరు పాయింటు బోరు నీళ్ళు దోసిట పట్టి రుచి చూసి ఉమ్మేసింది.

"ఇవి ఎప్పటినుంచి పెడుతున్నారండీ?"

"వేసవికి కాలవ కట్టేసినకాడ్నించీ. ఉప్పుంటే ఉందనుకోండి, నేల మాత్రం ఆరనివ్వలేదు. మందులోనే బలం లేదు," అన్నారు రాజుగారు.

"మందు మంచిదేనండి. ఆకంతా చిన్నచిన్న గదులు. హార్మోను ఆ గది గోడను మెత్తబరుస్తుంది. లోపల నీరు నిండి నెడితేనే ఆ గోడ సాగుతుంది. నేలలో ఉప్పుంటే వేరు తడిలో ఉండి కూడా నీరు లాగలేదు. ఆ సంగతి ఆకుకి కబురు పెడుతుంది. ఆకు పెరగడం తగ్గించేసుకుంటుంది."

"పుస్తకాల్లో ఉంటాయండీ ఇవన్నీ."

"నెల రోజులివ్వండి. మీ తోటలోనే చూపిస్తాను."

మంచినీళ్ళు ఎక్కడన్నది ప్రశ్న. దానమ్మ తూర్పు గట్టు వైపు చూపించింది. "అక్కడ పాత నుయ్యుందండి. ఆకు కోసేటప్పుడు మేం ఆ నీళ్ళే తాగేవోళ్ళం. తియ్యగా ఉండేయి."

ఇంజను వచ్చాక ఆ నూతిని అంతా మరిచిపోయారు. తోటమాలి సత్యం చెత్త తీసి, ఊరిన నీళ్ళు తోడితే, ఇప్పటికీ తియ్యగానే ఉన్నాయి.

ఎలీసమ్మ మూడు వరసలు ఎంచుకుంది. మొదటిదానికి ఉప్పునీళ్ళూ మందూ. రెండోదానికి నూతినీళ్ళు మాత్రమే. మూడోదానికి నూతినీళ్ళూ మందూ. నూతినీళ్ళ వరసల్లో ఉప్పు కడుక్కుపోయేలా సన్నటి బోదెకాలవలు తవ్వించింది. విప్పారే లేతాకులకు ఎర్రదారం కట్టి, ప్రతి ఆదివారం చర్చి అయ్యాక వచ్చి స్కేలు పెట్టి కొలిచేది.

మొదటి వారం మూడు వరసలకూ తేడా లేదు. రాజుగారు చిన్నగా నవ్వారు. దానమ్మకు తల కొట్టేసినట్టయింది. "ఉప్పు పోవాలి కదే అమ్మా," అంది ఎలీసమ్మ, పుస్తకంలో అంకెలు రాసుకుంటూ.

నాలుగో ఆదివారం రాజుగారే స్కేలు పట్టుకున్నారు. మొదటి వరసలో ఆకు మూడంగుళాలు దాటలేదు. రెండో వరసలో నాలుగున్నర వచ్చింది. మూడోది అయిదున్నర ఉంది గాని పలచగా ఉంది.

"మందు పనిచేసిందే మరి," అన్నారాయన.

"ఆయ్, నీరు అందినచోట పనిచేసింది. కాని ఆ ఆకు బుట్టలో వాడిపోతుందండి. మీకు పనికొచ్చేది రెండో వరసే. దానికి కావలసిన హార్మోను అదే తయారుచేసుకుంటుంది."

రాజుగారు రెండో వరసలో ఆకు ఒకటి కోసి నమిలారు. ఆ సాయంత్రమే ఇంజను ఆపించి, నూతికి కొత్త గిలక వేయించారు. జూన్ నెలాఖరుకు ఆకుబుట్టలు సఖినేటిపల్లి రేవులో గోదారి దాటి నర్సాపురం చేరాయి. ఆ తరువాత చుట్టుపక్కల తోటలవాళ్ళు ఎలీసమ్మను పిలవడం మొదలుపెట్టారు. ఏ ఊరు వెళ్ళినా ఆమె ముందు దానమ్మను అడిగేది, అక్కడ ఏ నూతినీళ్ళు తియ్యగా ఉండేవని.