సారయ్య ఊ

మా సారయ్యలా ఊ కొట్టేవాడు కోరుట్ల నుంచి సిరిసిల్ల దాకా వెతికినా దొరకడు. నేను కథ చెబుతుంటే మాటకో ఊ కొడతాడు. అబద్ధం మరీ పెద్దదైతే రెండు కొడతాడు. ఇద్దరం తాళ్ళెక్కి కల్లు గీసిన రోజుల నుంచీ ఇదే వరస. చెట్టు మీద నుంచి నేను చెప్పేవాణ్ణి, కింద నుంచి వాడు ఊ అనేవాడు. అలాంటి ఊని మొన్న హోలీ నాడు ఒక బిహారీ ఎత్తుకుపోయాడు.

మా ఊరి రైస్ మిల్లులో బస్తాలు మోసేది బిహారు వాళ్ళే. వాళ్ళూ మనమూ కలిసి హోలీ చేసుకోవాలని మిల్లు గుమాస్తా శ్రవణ్ వడ్లు ఆరబోసే కల్లంలో పందిరి వేయించాడు. వాళ్ళ డోలక్‌కు మనవాళ్ళ కోలాటం కోలలు బాగానే కుదిరాయి. దానికి నాకేం బాధ లేదు. మా కోడలు భాగ్య గారెలు పంచింది.

"తాతా, గిప్పుడు నీ కత," అన్నాడు శ్రవణ్.

బుగ్గారం తాటిచెట్టు కథ చెప్పాను. పైనుంచి నా చేతిలోని కల్లు లొట్టి జారింది. నేను చెట్టు దిగి, ఇంటికి పోయి, స్నానం చేసి, బువ్వ తిని, కునుకు తీసి వచ్చి చేతులు చాపితే అప్పుడొచ్చి పడింది, ఒక్క చుక్క కల్లు ఒలకలేదు. సారయ్య రెండు ఊలు కొట్టాడు. జనం నవ్వారు.

అప్పుడు లేచాడు రామాశిష్ అనే హమాలీ. "నా దగ్గర గూడ ఒక కత ఉంది తాతా. గాని ఒకరు హుంకారీ ఇయ్యాలె. హూఁ, హూఁ అనాలె. లేకుంటే మా కత నడవదు."

"గదేనా? నేను కొడత తీ," అన్నాడు సారయ్య. నన్ను అడగనైనా అడగలేదు. లేచిపోయి వాడి ఎదురుగా కూర్చున్నాడు. గారెల పళ్ళెం కూడా పట్టుకుపోయాడు.

"హిందీ ఎప్పుడు నేర్చినవ్ రా?" అన్నాను.

"ఊ కొట్టెటందుకు హిందీ ఎందుకు బావ?"

రామాశిష్ తెలుగులోనే మొదలుపెట్టాడు. "కోసీ నదికి వరదొచ్చింది. మా ఇల్లు లేచి తేలింది. ఇంటికి బర్రె కట్టి ఉంది. బర్రె ఈత కొట్టింది, ఎనక ఇల్లు పోయింది."

"ఊ."

"అమ్మకు తెల్వదు. లోపల పప్పు వండుతుంది."

"ఊ, ఊ."

రెండు! ఇన్నేళ్ళలో నా ఏ లొట్టికీ వాడు అంత తియ్యగా ఊ అనలేదు.

"బర్రెకు గంత బలముంటదా?" అన్నాను.

"లొట్టికి గంత తీరిక ఉండంగ, బర్రెకు బలముండదా మామా?" అంది భాగ్య. కల్లమంతా నవ్వింది. ఇక చచ్చినా నోరు విప్పకూడదనుకుని పెదాలు బిగించాను.

"ముంగట బ్రిడ్జి వచ్చింది," అన్నాడు రామాశిష్. "బ్రిడ్జి కిందికి ఉంది. ఇంటి కప్పు దానికంటె మీదికి ఉంది. బర్రె ఆగుతలేదు. పప్పు పొంగుతుంది."

ఆగాడు. ఊ రాలేదు. సారయ్య గొంతులో గారె అడ్డం పడింది. కళ్ళు తేలేసి చెంబు కోసం చేతులాడిస్తున్నాడు. భాగ్య నీళ్ళు తెస్తోంది. రామాశిష్ కదలడు. ఊ లేనిదే కథ ముందుకు పోదు, అది నాకంటే ఎవరికి తెలుసు? పోకపోతే మంచిదే, వాడి ఇల్లు ఆ బ్రిడ్జి దగ్గరే ఉండనీ అనుకున్నాను. కానీ కప్పు? లోపల ఆ తల్లి?

"ఊ," అంది ఒక గొంతు. చూస్తే అది నాదే.

రామాశిష్ గిరుక్కున నా వైపు తిరిగాడు. "బర్రె మునిగింది. ఎనక ఇల్లు గూడ మునిగింది. అమ్మ పప్పు మీద మూత గట్టిగ పట్టుకుంది. అవతల తేలినం. పప్పుల చుక్క నీళ్ళు పడలే."

రెండు ఊలు కొట్టానట. తర్వాత భాగ్య చెప్పింది.

ఇంటికి పోయే దారిలో సారయ్య మూతి ముడుచుకునే నడిచాడు.

"ఏమైందిరా?"

"నా ఊ నువ్వెట్ల కొడతవ్ బావ?"

"నీ గొంతుల గారె ఉండె."

"మింగుతుంటి గద. జర ఆగకపోయినవా."

ఆదివారం ఇంకో కథ ఉందని, మిల్లు దగ్గరికి రమ్మని రామాశిష్ నాకు కబురు పంపాడు. సారయ్యకు నేను చెప్పలేదు. చెబితే వచ్చి వాడే ముందు కూర్చుంటాడు.