అడ్డం ఫోటో

చావు ఫోటో ముందే తీయించుకుంటే ఆయుష్షు పెరుగుతుందని బుసాన్ రేవు వీధిలో అందరూ అంటారు. అందుకే నిరుడు ఫోటోగ్రాఫర్ ప్యో ముసలి దంపతులు దొక్పే తాతనూ సున్‌రే అవ్వనూ విడివిడిగా అలాంటి నిలువు ఫోటోలకు కూర్చోమన్నాడు.

"మా చావు కోసం కాచుక్కూర్చున్నావా, రాబందు వెధవా!" అని దొక్పే తాత విరుచుకుపడ్డాడు. భార్య చేతిని తన భుజం మీద వేయించుకుని, వెనకాల సముద్రమంతా కనబడేలా అడ్డంగా ఒకే ఫోటో తీయించుకున్నాడు.

ఇవాళ ఆ ఫోటో పట్టుకుని సున్‌రే అవ్వ ఒక్కతే వచ్చింది. తాత శవం దగ్గర పూల మధ్య పెట్టాల్సింది నిలువు ఫోటోయే మరి. ప్యో కంప్యూటర్లో అటు సముద్రాన్నీ ఇటు అవ్వనూ కోసేశాడు. ఎంత కోసినా తాత భుజం మీద ఆమె వేళ్ళు మిగిలాయి.

"ఈ వేళ్ళు ఉంచనా అవ్వా?"

"చెరిపెయ్ నాయనా. మనిషినే పట్టి ఆపలేకపోయాయి, ఇంకెందుకవి?"

ప్యో తలెత్తకుండా ఒక్కో వేలూ చెరిపేశాడు. ఈలోగా అవ్వ వెళ్ళి స్టూలు మీద కూర్చుని, జుట్టు సవరించుకుంది.

"ఇప్పుడు నన్ను నిలువుగా తియ్యి. రేపు కోయించడానికి నాకెవరూ లేరు."