ఒకట్ల కుర్చీ

మా వదినకు చప్పుడంటే గిట్టదు. నేనంటే అంతకన్నా గిట్టదు. ఆ రెండూ ఒకే గదిలో దొరికేసరికి ఆవిడ తలుపు నెట్టుకుని లోపలికి వచ్చింది.

"ఇది బడా, బస్టాండా?"

వదినంటే మా ఆయన అక్క. ఈ బడి ఆవిడదే. మూడో తరగతికి నేను పాఠాలు చెబుతాను. నా కూతురు, మా బుడ్డది, ఆ తరగతిలోనే చదువుతోంది. నాకు ఉద్యోగం ఇచ్చింది తనేనని వదిన రోజూ ఏదో ఒక వంకతో గుర్తు చేస్తూనే ఉంటుంది.

అప్పుడు మేం స్థానాల ఆట ఆడుతున్నాం. పిల్లలకు ఎదురుగా, గోడవారగా మూడు కుర్చీలు. తలుపు పక్కది ఒకట్ల కుర్చీ, మధ్యది పదులది, ఆ చివరిది వందలది. ఒక్కో కుర్చీలో ఒక్కో పిల్ల. నేను చప్పట్లు కొట్టినప్పుడల్లా ఒకట్ల కుర్చీలో పిల్ల ఒక్కో వేలు ఎత్తుతుంది. పదో వేలు లేవగానే అందరూ "నిండింది!" అని అరవాలి. ఆ పిల్ల రెండు పిడికిళ్ళూ మూసేసి పదుల కుర్చీలో పిల్లను తడుతుంది. ఆ పిల్ల ఒక్క వేలు ఎత్తుతుంది. పది ఒకట్లు పోయి ఒక పది వచ్చిందన్నమాట. అరవకుండా ఈ ఆట ఆడటం ఎవరి తరమూ కాదు.

"నోటికొచ్చినట్టు అరిస్తే లెక్కలొస్తాయా?" అంటూ వదిన సుద్దముక్క తీసుకుని నేరుగా మా బుడ్డదాని చేతిలో పెట్టింది. తరగతి నిండా పిల్లలుండగా దీన్నే ఎందుకు లేపిందో నాకు తెలియదా! "రెండు వందల నాలుగు రాయవే."

బుడ్డది రెండు వందలు రాసి, దాని పక్కనే నాలుగు పెట్టింది. బోర్డు మీద 2004 అని పడింది.

"రెండు వేల నాలుగట!" వదిన ముఖం వెలిగిపోయింది. "తమ్ముడి కూతురని మొహమాటపడి మూడులో వేశాను. సోమవారం నుంచి ఇది రెండో తరగతిలో కూర్చుంటుంది."

నాకు ఒళ్ళు మండింది. కక్ష నా మీద, దెబ్బ పిల్ల మీద!

"శనివారం మీ గదిలో, మీ కళ్ళముందే, మీరడిగిన సంఖ్య ఆడించి చూపిస్తుంది, రాసి చూపిస్తుంది. అప్పుడేమంటారు వదినా?"

"చూపిస్తే మూడులోనే ఉంటుంది. నీ గోల కూడా నేను పట్టించుకోను. చూపించకపోతే దాని సంచీ నువ్వే మోసుకెళ్ళి రెండో తరగతిలో పెట్టాలి."

ఇక ఇంట్లో మొదలుపెట్టాను. మా ఆయనను పదుల కుర్చీలో కూర్చోబెట్టాను. అక్కకూ పెళ్ళానికీ మధ్య నలిగి నలిగి, పిడికిళ్ళు మూసుకుని నోరెత్తకుండా కూర్చోవడం ఆయనకు బాగా అలవాటు. "చూడవే, రెండు వందల నాలుగులో మీ నాన్నకు ఎత్తడానికి వేలు లేదు. అలాగని కుర్చీ దిగనిస్తామా? ఆయన చోట ఒక్క సున్నా. మూడు కుర్చీలకు మూడే అంకెలు" అన్నాను. దానికి అర్థమైంది. అయినా నాకు తృప్తి లేదు. అన్నం తింటుంటే అడిగాను, జడ వేస్తూ అడిగాను. తడబడితే మొట్టాను.

"అమ్మా, ఇంక చాలు."

"మీ అత్త ముందు నా పరువు తీస్తావా? ఆడు. ఆ ఏడుపు ముఖం మాని నవ్వుతూ ఆడు!"

శనివారం మా తరగతి పిల్లలు ముగ్గురినీ, బుడ్డదాన్నీ వెంటబెట్టుకుని వదిన గదికి వెళ్ళాను. ఆవిడ బల్లకు ఎదురుగా మూడు కుర్చీలు వేయించి, తీరిగ్గా వెనక్కి వాలి కూర్చుంది.

"మూడు వందల ఆరు."

బుడ్డది చకచకా పిల్లలను కూర్చోబెట్టింది. తలుపు పక్క పిల్లచేత ఆరు వేళ్ళు ఎత్తించింది. మధ్యపిల్లచేత పిడికిళ్ళు మూయించింది. చివరి పిల్ల మూడు వేళ్ళు ఎత్తింది. నేను గర్వంగా వదిన వైపు చూశాను. ఆవిడ పడీపడీ నవ్వుతోంది.

"ఆరు వందల మూడు! భేషుగ్గా ఉందమ్మా నీ ఆట!"

అప్పుడు చూశాను. కుర్చీలకు ఎదురుగా కూర్చుని చూసేవాళ్ళకు మా తరగతిలో తలుపు కుడివైపు. ఈ గదిలో ఎడమవైపు. నేను నేర్పిందే తలుపు పక్కది ఒకట్లని!

"మీ తలుపు అటుంటే పిల్లదేం తప్పు? కావాలనే ఇక్కడ పెట్టించారు!"

"ఇక్కడ పెడతానన్నది నువ్వే కదమ్మా! తలుపును బట్టి లెక్క మారుతుందా? ఇదా నువ్వు నేర్పిన చదువు?"

"మీ కడుపుమంట నాకు తెలియదా? నేను మీ ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచీ..."

"నా తమ్ముణ్ణి నోరులేనివాణ్ణి చేసింది ఎవరు?"

ఎంతసేపు అరుచుకున్నామో తెలియదు. కుర్చీలు లాగిన చప్పుడైతే ఇద్దరం తిరిగి చూశాం. బుడ్డది వదిన బల్ల పక్కకు వచ్చి, అక్కడి నుంచి పిల్లలను ఒకసారి చూసుకుని, ఆ చివరి పిల్లనూ ఈ చివరి పిల్లనూ తారుమారు చేసింది. మధ్యపిల్లను కదపలేదు. తరవాత గోడకున్న బోర్డు మీద 306 అని రాసింది. మాలో ఎవరూ దానికి ఒక్క ముక్క సాయం చెప్పలేదు.

వదిన ముఖం మాడిపోయింది. "సరే. మూడులోనే ఉండనీ" అంది, ఎటో చూస్తూ.

నా సంతోషం పట్టలేకపోయాను. "విన్నావుటే! మీ అత్త నోటితోనే చెప్పించావు!"

బుడ్డది సుద్దముక్క బల్ల మీద పెట్టి, చేతులు గౌనుకు తుడుచుకుంది. సంచీ భుజాన తగిలించుకుంది.

"నేను రెండో తరగతికే పోతాను."

"అదేంటే? నీకు వచ్చు కదా!" అంది వదిన. ఆవిడ గొంతులో అంత కంగారు నేనెప్పుడూ వినలేదు.

"వచ్చు. అక్కడైతే మీరిద్దరూ ఉండరుగా."

వదినా నేనూ ఒకేసారి దాన్ని పిలిచాం. అది వెనక్కి తిరగకుండా రెండో తరగతి గదిలోకి వెళ్ళి, తలుపు మెల్లగా దగ్గరికి వేసుకుంది.