గుమ్మం దగ్గర రెండు మొండి చెట్లు

మా అత్తగారికి నడవడం వచ్చు. ఈ మాట డాక్టరు చెప్పాడు, ఎక్స్‌రే చెప్పింది, వారానికి రెండుసార్లు వచ్చి కాళ్ళు ఆడించి వెళ్ళే అమ్మాయి చెప్పింది. ఒప్పుకోనిది ఒక్క మా అత్తగారే.

సెప్టెంబరులో అడవి నుంచి లింగన్ అనే ఎర్రటి చిన్న పళ్ళ బుట్టతో వస్తూ మా వీధి మెట్ల మీద జారి పడ్డారు. తుంటి విరిగింది. ఆపరేషనైంది, ఎముక అతికింది, నవంబరు కూడా అయిపోవచ్చింది. ఆవిడ మాత్రం వంటింటి పక్క చిన్న గదిలో గోడ వైపు తిరిగి పడుకున్నారు. స్నానానికి ఎత్తాలి, కుర్చీలోకి ఎత్తాలి. "లేవండత్తయ్యా" అంటే "ఎందుకూ?" అంటారు. ఎనభై ఆరేళ్ళ మనిషి "ఎందుకూ" అంటే నేనేం జవాబు చెప్పను? నాకేమో కోపం ముక్కు మీదే ఉంటుంది. కోపం వస్తే గిన్నెల మీద చూపిస్తాను. ఆ నెలంతా మా వంటిల్లు కంచరి వీధిలా మోగింది.

ఇక గడువు వచ్చి పడింది. ఇక్కడ ముసలివాళ్ళ బాగోగులు మునిసిపాలిటీ చూస్తుంది; సోమవారం అక్కణ్ణించి ఒకామె వస్తుంది. మా అత్తగారు మంచం దిగి, ఎవరి సాయమూ లేకుండా వీధి గుమ్మం దాకా నడిచారా, ఇంట్లోనే ఉంటారు. లేదా, నలభై కిలోమీటర్ల అవతల పట్నంలో వృద్ధుల ఇంటికి వెళ్ళాలి. "పోతాను, ఎక్కడైతేనేం" అన్నారావిడ. ఆవిడకి ఎక్కడైతేనేమో గానీ నాకు కాదు. పంతొమ్మిదేళ్ళు పోట్లాడుకున్నాం ఇద్దరం. ఆవిడ లేకపోతే నేనెవరితో పోట్లాడాలి? నా మొగుడు రూనె దుంగల లారీ నడుపుతాడు, వారానికి నాలుగు రోజులు ఇంట్లోనే ఉండడు. ఉన్నా నోరు విప్పడు.

అందుకే శనివారం పొద్దున్న నాకో ఉపాయం తట్టింది.

మా ఊళ్ళో అడ్వెంట్, అంటే క్రిస్మస్ ముందు నాలుగు వారాలు, మొదలయ్యే ఆదివారానికల్లా ప్రతి గుమ్మం ముందూ చలికాలపు తొట్లు ఉండాలి. పూలు ఎలాగూ ఉండవు కాబట్టి అడవిలో పచ్చగా ఉన్నవన్నీ తెచ్చి కుండీల్లో గుచ్చుతారు. మా ఇంట్లో ఆ పని అత్తగారిది. నన్ను చెయ్యి పెట్టనిచ్చేవారు కాదు. నాది దేశానికి దక్షిణ కొసన ఉన్న మాల్మో నగరం, కొండా కోనా లేని చోటు. యాభై నాలుగేళ్ళు వచ్చినా ఈ ఊరికి నేనింకా "మాల్మో పిల్ల"నే. "మాల్మో పిల్లకి నాచుకీ గడ్డికీ తేడా తెలియదు" అనేవారావిడ. సరే, ఈ ఏడు నేను చేస్తాను. మెట్లకి అటొకటి, ఇటొకటి పెడతాను. ఆవిడ మంచం మీంచి అవి కనబడవు. చూడాలంటే లేచి గుమ్మంలోకి రావాలి. వచ్చి తిట్టాలి.

"అత్తయ్యా, తొట్లు నేను పెడుతున్నాను" అని గదిలోకి తల పెట్టి చెప్పాను.

"పెట్టుకో" అని దుప్పటి లాక్కున్నారు. అంతే. ఒక్క తిట్టు లేదు. అయినా మొదలుపెట్టాను కదా అని గమ్‌బూట్లు తొడుక్కున్నాను.

పాత జింకు బట్టల తొట్లు రెండు కడిగాను. గాలికి పడిపోకుండా అడుగున రాళ్ళు, పైన ఇసుక, ఆ పైన మట్టి. మట్టి గడ్డకట్టక ముందే గుచ్చాలి, ఆలస్యమైతే గునపం దిగదు. మా అడవిలో కరెంటు తీగల కింద నడుమెత్తు స్ప్రూస్ మొక్కలు, క్రిస్మస్ చెట్టు జాతివి, మొలిచాయి, వాటిని ఎలాగూ కొట్టేస్తారు. రెండు తవ్వి తెచ్చాను. అత్తగారు తన తొట్లలో స్ప్రూస్ ఎప్పుడూ పెట్టేవారు కాదు, జునిపర్ పొద కొమ్మలతో సరిపెట్టేవారు. ఆవిడకి తోచలేదు కాబోలు, నాకు తోచిందని మురిసిపోయాను. వాటి మొదట్లో నాచు పరిచాను. లింగన్ కొమ్మలు పళ్ళతో సహా గుచ్చాను. ఎర్రటి విల్లో పుల్లలు, తెల్లటి బర్చ్ పుల్లలు, పైన్ కాయలు, బండల మీద దొరికే బూడిదరంగు నాచు. వేళ్ళకి జిగురంటి, ఆ వాసన ముక్కుకెక్కి, చాలా రోజుల తర్వాత నాకు ఈల వేయాలనిపించింది. వేశాను కూడా.

దూరంగా నిలబడి చూస్తే ఎడమ చెట్టు పొడుగ్గా ఉంది. కత్తెరతో దాని కొస కత్తిరించాను. ఇప్పుడు కుడిది పొడుగైంది. దాన్ని కత్తిరించాను. పిల్లుల రొట్టె పంచిన కోతి సంగతే నాదీ అయింది. చివరికి రెండూ సమానమయ్యాయి గానీ రెండింటికీ తలలు లేవు. పోన్లే, గుబురుగా ఉన్నాయనుకున్నాను. అడుగు కొమ్మలు తీసేసి, ముక్కలు చేసి, మెట్ల నుంచి రోడ్డు దాకా దారంతా చల్లాను. ముందురోజు వాన పడి దారి గాజులా గడ్డకట్టింది మరి. అత్తగారు నిజంగానే బయటికొస్తే మళ్ళీ జారకూడదు కదా! చివరగా తొట్లలో చెంబుడు చెంబుడు నీళ్ళు పోశాను. రాత్రి చలికి అది గడ్డకడితే వసంతం దాకా ఒక్క పుల్ల కదలదు.

ఇక్కడ మీకో సంగతి ముందే చెప్పేస్తాను, నాకు మాత్రం ఎవరూ చెప్పలేదు. ఈ ప్రాంతంలో గుమ్మానికి అటూ ఇటూ తల నరికిన స్ప్రూస్ చెట్లు పెట్టి, దారంతా స్ప్రూస్ కొమ్మలు చల్లారంటే ఆ ఇంట్లో మనిషి పోయినట్టు. మా మామగారికి అలాగే పెట్టారట, నా పెళ్ళికి ముందు. ఆ తర్వాత చావులూ అంత్యక్రియలూ అన్నీ పట్నంలోనే జరిగిపోతున్నాయి. ఊళ్ళో పెద్దవాళ్ళకే ఆ గుర్తు తెలుసు.

ఆదివారం పొద్దున్న చూస్తే ఎదురింటి ఇవార్ తన వాకిట్లోని జెండాని సగానికి దించి ఉంచాడు. "అత్తయ్యా, ఊళ్ళో ఎవరో పోయారు" అన్నాను.

"అదృష్టవంతులు" అన్నారావిడ గోడ వైపు నుంచి.

మధ్యాహ్నం రెండు గంటలకే, ఇక్కడి చలికాలపు వెలుగు తగ్గుతుండగా, ఇవార్ తలుపు తట్టాడు. నల్ల కోటు, చేతిలో కేకు. టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు.

"ఏం చెప్పమంటావమ్మాయ్. ఊరికి పెద్దదిక్కు."

సోమవారం సంగతి ఇతని దాకా వచ్చిందనుకున్నాను. "ఏం చెయ్యను మావయ్యా, ఎంత చెప్పినా వినలేదు."

"బాధపడిందా?"

"ఆవిడా? బాధపడింది నేను! ఆవిడ గోడ వైపు తిరిగి పడుకున్నారు, అంతే."

"పోన్లే, నిద్రలోనే అన్నమాట. ఎప్పుడు తీసుకెళ్తారు?"

"రేపు మునిసిపాలిటీ ఆవిడ వస్తుంది. చూసి తేలుస్తుంది."

"ఇంకా తేల్చేదేముందమ్మా?"

"ఏమో, నాకింకా ఆశ చావలేదు."

ఇవార్ నన్ను చాలా జాలిగా చూశాడు. "ఏడువమ్మా, ఏడిస్తే బరువు తగ్గుతుంది" అని భుజం తట్టాడు. లోపలికి రమ్మంటే అందరూ వచ్చాక వస్తానన్నాడు. అందరూ ఎవరబ్బా అనుకునే లోపే ఇంకో నలుగురు ముసలివాళ్ళు కొమ్మల మీద అడుగులో అడుగేసుకుంటూ వచ్చారు. అందరివీ నల్ల కోట్లే. ప్రతి చేతిలో కేకే. వృద్ధుల ఇంటికి పంపడానికి ఇంత తంతా అని నాకు ఒళ్ళు మండింది.

అందరికంటే వెనక ఎల్నా వచ్చింది. ఆవిడని చూసి నా కోపం దిగిపోయింది, ఆశ్చర్యం ఎక్కింది. ఎల్నా, మా అత్తగారు చర్చిలో నలభై ఏళ్ళు పక్కపక్కన నిలబడి పాడారు. పదకొండేళ్ళ కిందట క్రిస్మస్ తెల్లవారుజామున, చర్చి నిండా జనం ఉండగా, "ఎల్నా, పై స్వరం నీకు జన్మలో అందదు" అని మా అత్తగారు పైకే అనేశారు. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. మంచు మీద స్కీ కర్ర పొడుచుకుంటూ వచ్చిన ఎల్నా నా వంక చూడలేదు. సరిగ్గా నా తొట్ల మధ్య నిలబడి, గొంతు సవరించుకుని, పాత కీర్తన ఎత్తుకుంది.

నేను తలుపు బార్లా తెరిచి నోరు తెరుచుకుని నిలబడ్డాను. గొంతు వణుకుతున్నా బాగానే ఉంది. పాట మెల్లగా పైకెక్కింది. ఎక్కాల్సిన చివరి మెట్టు దగ్గరికొచ్చింది. అక్కడ, ఎప్పటిలాగే, పిసరు కిందే ఆగిపోయింది.

లోపల ఏదో కింద పడింది. తర్వాత నేల మీద ఉన్ని మేజోళ్ళు ఈడ్చుకుంటున్న చప్పుడు. చిన్న గది, వంటిల్లు, నడవ. నా వెనక నుంచి ఒక చెయ్యొచ్చి నన్ను పక్కకి నెట్టింది.

"పైకే! ఇంకా పైకి! ఎన్నాళ్ళు చెప్పాలే నీకు?"

రాత్రి గౌనులో, జుట్టు విరబోసుకుని, మా అత్తగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఇవార్ చేతిలో కేకు మంచులో పడింది. ఎల్నా రెండడుగులు వెనక్కి వేసి, స్కీ కర్ర పట్టుకుని నిలదొక్కుకుంది.

"చచ్చినా నీ నోరు మూతపడలేదేమే తోరా!"

"ఎవరే చచ్చింది?"

ఎల్నా కర్రతో తొట్లు చూపించింది. మా అత్తగారు ఎడమ తొట్టి చూశారు, కుడి తొట్టి చూశారు, రోడ్డు దాకా కొమ్మలు చూశారు. "వీటి తలలు నరికిందెవరు?" అన్నారు. అందరూ నా వైపు తిరిగారు.

"ఒకటి పొడుగైంది..." అన్నాను. "తర్వాత రెండోది పొడుగైంది..."

ముందు నవ్వింది మా అత్తగారే. తలుపు పట్టుకుని, కళ్ళల్లోంచి నీళ్ళు కారేదాకా నవ్వారు. ఆ నవ్వు విని మూడు నెలలైంది. తర్వాత వాకిలంతా నవ్వింది. "ఆశ చావలేదందయ్యా, నేనింకా పిల్లకి మతి చలించిందనుకున్నా!" అని ఇవార్ కడుపు పట్టుకున్నాడు. నేను మాత్రం ఆవిడ పాదాలు చూస్తున్నాను. ఎవరూ పట్టుకోలేదు. నోరు తెరవబోయాను. ఎల్నా కూడా అక్కడే చూస్తోంది. నాకేసి తల అడ్డంగా ఊపింది. నోరు మూసుకున్నాను.

రూనె పెద్ద కోటు తెచ్చి ఆవిడ భుజాల మీద వేశాను. ఇక పెత్తనం మొదలైంది. "పీకండి ఆ దరిద్రాన్ని! ఇవార్, గునపం తే. మాల్మో పిల్లా, వేణ్ణీళ్ళు పొయ్యి, మట్టి కరుగుతుంది." స్ప్రూస్‌లు పీకించారు, జునిపర్ తెప్పించారు. నల్ల కోట్లవాళ్ళంతా మోకాళ్ళ మీద కూచుని నాచు సర్దారు. ఎవరో రోవాన్ చెట్టు ఎర్రటి పళ్ళ గుత్తులు తెచ్చారు. "అటు కాదు ఇటు, వెనక పొడుగు, ముందు పొట్టి" అని ఆవిడ గుమ్మంలోంచి అరుస్తూనే ఉన్నారు. మధ్యలో కుర్చీ వేస్తే కాసేపు కూచున్నారు, మళ్ళీ తమంతట తామే లేచారు. చీకటి పడేసరికి నా జన్మలో చూడనంత అందమైన తొట్లు రెండు మా గుమ్మం ముందున్నాయి.

తర్వాత లోపల కాఫీ. మిగిలిన కేకులు నాలుగు. మా అత్తగారు అన్నింట్లోంచీ ఒక్కో ముక్క తిన్నారు. "అసలు రోజున నాకు పెట్టరు కదా" అన్నారు.

అందరూ వెళ్ళాక ఎల్నా ఒక్కతే ఉంది. నేను పొయ్యి దగ్గర కప్పులు కడుగుతున్నాను. చప్పుడు చెయ్యకుండానే.

"నువ్వు వస్తావనుకోలేదే" అన్నారు మా అత్తగారు.

"మాటిచ్చాను కదే. పదిహేడేళ్ళప్పుడు. ఎవరు ముందు పోతే రెండోది గుమ్మంలో నిలబడి పాడి సాగనంపాలని."

"పదకొండేళ్ళు మాట్లాడలేదు నువ్వు."

"మాట్లాడనన్నాను. పాడనన్నానా?"

మా అత్తగారు కప్పు బల్ల మీద పెట్టారు. "లేచి ఏం చెయ్యాలి అనుకున్నానే. పాడేవాళ్ళు కూడా లేరు కదా అనుకున్నాను" అన్నారు. నేను కట్టెలు తేవాలని చెప్పి కట్టెల కొట్టంలోకి వెళ్ళి హాయిగా ఏడ్చాను. సంతోషంతోనే. తిరిగొచ్చేసరికి ఇద్దరూ పోట్లాడుకుంటున్నారు.

"ఆ పై స్వరం అలాగే పాడతానంటే మాత్రం నేను పోయేది లేదు" అంటున్నారు మా అత్తగారు. "నేర్చుకునేదాకా ఉంటాను. మంగళవారం మీ ఇంటికొస్తా."

"రా. చెరువు దాటి రావాలి. నడవగలవా?"

"నీకెందుకే?"

సోమవారం పది గంటలకి మునిసిపాలిటీ ఆవిడ ఫైలు పట్టుకుని వచ్చింది. ఆవిడ కోసం నేను పద్నాలుగు వాక్యాలు బట్టీపట్టి పెట్టుకున్నాను. ఒక్కటీ పనికి రాలేదు. గంట మోగగానే మా అత్తగారే వెళ్ళి తలుపు తీశారు.

ఆవిడ కాగితం చూసుకుంది, మనిషిని చూసింది, మళ్ళీ కాగితం చూసుకుంది. "తోరా గారు మీరేనా? మంచం దిగరని రాశారే. ఎప్పటి నుంచి నడుస్తున్నారండీ?"

"నిన్న మధ్యాహ్నం నుంచి" అన్నారు మా అత్తగారు. "నేను పోయినప్పటి నుంచి."

రాస్తున్న కలం ఆగింది. నేను నవ్వాపుకోలేక కాఫీ పెట్టే వంకతో వంటింట్లోకి పరిగెత్తాను.