ఆకు పొట్లం

కాలువకి నీళ్ళొచ్చాయి.

ముందు వాసన వచ్చింది — రెండు నెలలుగా ఎండిన మట్టి తడుస్తున్న వాసన. తర్వాత చప్పుడు. ఆ తర్వాత నీళ్ళు. మట్టి రంగులో, నురగతో, ఎండిన అరటి మట్టల్ని, కొబ్బరి పీచుని, ఎవరిదో తెగిన చెప్పుని ముందుకు తోసుకుంటూ...

నాగదుర్గ రేవు మెట్ల మీద బిందె దించి చూస్తూ నిలబడింది.

ఎక్కడి నీళ్ళు. ధవళేశ్వరం దగ్గర వదిలితే ఈ ఊరిదాకా వచ్చాయి. దారిలో ఎన్ని లాకులు, ఎన్ని తూములు. ఏ తూము ఎత్తితే అటే పోతాయి. ఎటు వెళ్తావని నీళ్ళని ఎవరూ అడగరు.

ఆమెని అడిగారు.

ఏ దేశం వెళ్తావు?

అడిగింది పల్లంరాజు గారు. రావులపాలెంలో అరటి మార్కెట్ వెనక చిన్న గది ఆయన ఆఫీసు. ఆడవాళ్ళని గల్ఫ్ దేశాల్లో ఇంటిపనికి పంపే ఏజెంటు. పాస్‌పోర్ట్ వచ్చేసింది. మెడికల్ అయిపోయింది. ఇప్పుడు రెండు ఇళ్ళున్నాయన్నాడు. కువైట్‌లో ఒకటి, మస్కట్‌లో ఒకటి. ఎటు వెళ్ళినా రెండేళ్ళు.

"శుక్రవారం మధ్యాహ్నానికి ఏదో ఒకటి చెప్పెయ్యమ్మా. వాళ్ళు నీకోసం కాసుక్కూర్చోరు కదా."

ఏదో ఒకటి. ఆ మాట ఎంత సులువుగా అనేశాడో.

ఊళ్ళో ఎవరినడిగినా చెప్తారు. కువైట్ అంటే గట్టు దిగగానే ఉన్నట్టు, మస్కట్ అంటే తణుకు బస్సెక్కితే మధ్యలో వచ్చే స్టాపే అన్నట్టు. ఒకరు వద్దన్న దేశాన్ని ఇంకొకరు బంగారం అంటారు. వెళ్ళి చూసినవాళ్ళు మాత్రం తక్కువ మాట్లాడతారు.

ఆమె భర్త చంద్రరావు అసలు మాట్లాడడు. అరటి గెలలు లారీలకెత్తిన మనిషి. కిందటేడు లారీ మీంచి జారాడు. నడుము దెబ్బతింది. ఇప్పుడు మార్కెట్లో కాటా పక్కన స్టూలు మీద కూర్చుని, గెలలెత్తేవాళ్ళని చూస్తుంటాడు. ఏ దేశమండీ అని ఆమె అడిగితే "నీ ఇష్టం" అన్నాడు. రెండోసారి అడిగితే, చొక్కాకంటిన అరటి జిగురు గోటితో గీకుతూ కూర్చున్నాడు. ఆ మరక పోయేది కాదు. ఆయనకీ తెలుసు.

పాపం, మొగుడి కోసం వెళ్తోంది — అన్నారు గట్టు మీద.

పాపం, పిల్ల చదువు కోసం వెళ్తోంది — అన్నారు.

నాగదుర్గ కాదనలేదు. అబద్ధం కాదు గనక. కానీ నిజం అంతవరకే కాదు.

ఆమెకి వెళ్ళాలనుంది.

తన కోసం. ఎవరికీ చెప్పుకోలేనంతగా, తనలో తను అనుకోవడానికే సిగ్గుపడేంతగా — వెళ్ళాలనుంది.

దానికి కారణం పక్క వీధి వీరదుర్గ ఫోన్‌లోని ఒక ఫొటో. వీరదుర్గ మస్కట్‌లో నాలుగేళ్ళుండి వచ్చింది. అక్కడ తనకిచ్చిన గది చూపించింది. సన్నటి మంచం. చిన్న కిటికీ. తలుపు. తలుపుకి లోపలి నుంచి గడియ.

"పని ముగించుకుని గడియ వేసుకుంటే పొద్దున్నదాకా ఎవరూ తట్టరే," అంది.

నాగదుర్గ ఫొటోని వేళ్ళతో పెద్దది చేసి, ఆ గడియనే చాలాసేపు చూసింది.

పుట్టింట్లో ఆరుగురికి ఒక గది. అత్తింట్లో నలుగురికి ఒక గది, మధ్యలో తెరగా కట్టిన పాత చీర. స్నానానికి టార్పాలిన్ చాటు. ఏడవాలంటే రేవు. అక్కడా ఎవరో ఒకరు అంట్లు తోముతూనే ఉంటారు. ముప్పై ఒక్క ఏళ్ళు... ఒక్కసారి కూడా తలుపేసుకుని ఒంటరిగా కూర్చోలేదు.

పల్లంరాజు గారి మస్కట్ ఇంట్లో ఒక ముసలావిడ, మేడ మీద పనిమనిషికి ఒక గది. కువైట్ ఇంట్లో ఐదుగురు పిల్లలు, పడక వాళ్ళతోనే. జీతం మాత్రం కువైట్‌లోనే ఎక్కువ. ఎక్కువ జీతం వదిలి గది కావాలని ఏ మొహంతో అనేది? అనలేక, ఎటూ తేల్చుకోలేనట్టు నటించింది.

అప్పుడే అత్తగారు సంపూర్ణమ్మ, "ముత్యాలమ్మని అడుగుదాం," అంది.

తేలని మాటకి ఆ ఇంట్లో పొట్లాలు కడతారు. ఒక్కో జవాబుకి ఒక్కో పువ్వు. అరటాకు ముక్కల్లో చుట్టి, అరటి నారతో ఒకేలా కట్టి, అమ్మవారి పాదాల దగ్గర పెడతారు. ఏమీ తెలియని పసిపిల్ల వచ్చి ఒకటి తీస్తుంది. తీసిందే అమ్మవారి మాట. దానికిక ఎదురు లేదు. పొలం కౌలుకి తీసుకున్నా అలాగే, మానుకున్నా అలాగే. నాగదుర్గ ఆ ఇంటి కోడలైంది కూడా పొట్లంలో ఎర్రపువ్వు వచ్చే.

తెల్లపువ్వు కువైట్ అనుకున్నారు. ఎర్రపువ్వు మస్కట్.

సంపూర్ణమ్మ గోడవైపు తిరిగి, "మూడోది కూడా కట్టవే. వేపాకు. అసలు వెళ్ళనే వద్దంటే... అది కూడా చెప్పనీ తల్లిని," అంది.

ఆ గొంతులో ఏదో ఉంది. వెళ్ళకే అని నోరు తెరిచి అడగలేనిది ఏదో. నాగదుర్గ విననట్టే లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళింది.

శుక్రవారం పొద్దున్న. తలస్నానం చేసి, పెరట్లో ఒక్కతే కూర్చుంది.

నందివర్ధనం ఒకటి — చుట్టింది, కట్టింది.

మందారం ఒకటి — చుట్టింది, కట్టింది. ఆ రోజు చెట్టున విచ్చింది అదొక్కటే.

వేపాకు ఒకటి అరచేతిలో పెట్టుకుంది. ఎంత తేలికో. చేతిలో ఉన్నట్టే లేదు. ఇదొస్తే ఇక అంతే. చీర తెర. టార్పాలిన్. రేవు. ఇంకెవరూ ఏ దేశమని అడగరు. ఈ వయసు మళ్ళీ రాదు.

చెయ్యి దానంతట అదే కదిలిందని తర్వాత చాలాసార్లు అనుకుంది.

కాదు. ఆమే కదిపింది.

వేపాకు నోట్లో వేసుకుంది. నమిలింది. మింగింది. మందారం చెట్టున ఇంకా విచ్చీ విచ్చని మొగ్గ ఒకటుంటే తెంపి, మూడో అరటాకులో పెట్టి, ముడి బిగించింది.

నోరంతా చేదు.

ముత్యాలమ్మ గుడి కాలువ గట్టునే. ముగ్గురు నిలబడితే నిండిపోయే గుడి. సంపూర్ణమ్మ దీపం పెట్టింది. చంద్రరావు వంగలేడు గనక గడప బయటే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నాగశ్రీని లోపలికి పిలిచారు. ఏడేళ్ళ పిల్ల. పరికిణీ పొట్టిదైపోయి చీలమండలు కనిపిస్తున్నాయి. దానికేమీ చెప్పలేదు. ఏమీ తెలియదనే అనుకున్నారు.

"కళ్ళు మూసుకుని ఒకటి తియ్యమ్మా," అంది సంపూర్ణమ్మ.

నాగశ్రీ వెంటనే తియ్యలేదు.

ఒక పొట్లం ముట్టుకుంది. రెండోది ముట్టుకుంది. మూడోది. మళ్ళీ మొదటిది. సంతలో వంకాయలు ఏరే పెద్దదానిలా, ఒక్కోదాన్ని రెండు వేళ్ళతో మెల్లిగా నొక్కుతూ...

"ఎంతసేపే?"

తీసింది.

సంపూర్ణమ్మ ముడి విప్పింది. ఎరుపు.

"మస్కటే," అంది. పువ్వుని కళ్ళకద్దుకుంది. పైటతో కళ్ళు తుడుచుకుంది. బయట చంద్రరావు తల ఒక్కసారి ఊపి, కాలువ వైపు తిరిగిపోయాడు.

నాగదుర్గ అత్తగారి అరచేతిలోకి చూసింది.

విచ్చీ విచ్చని మొగ్గ.

అది మస్కట్ పొట్లం కాదు. అది ఆకు పొట్లం. ఆకు ఉండాల్సిన పొట్లం. మూడింటిలోకి అదే వచ్చింది.

అమ్మవారు వద్దంది. ఆ మాట విన్నది ఆమె ఒక్కతే.

ఇప్పుడే చెప్పొచ్చు. ఇంకా దీపం కొండెక్కలేదు. ఇంకా ఎవరూ గడప దాటలేదు. అత్తయ్యా, నేనిలా చేశానండీ అంటే... రెండు మాటలు. తిడతారు, నాలుగు రోజులు మొహం చూడరు, తర్వాత మామూలే.

చెప్పలేదు.

పల్లంరాజు గారికి ఫోన్ చేసి, "మస్కట్ అండి," అంది. ఆ ఊరి పేరు గట్టిగా పలకడం అదే మొదటిసారి. భయమేసింది. సంతోషమేసింది. ఆ సంతోషానికి తన మీద తనకే అసహ్యమేసింది. అయినా అది పోలేదు.

మిగిలిన పొట్లాలు విప్పకూడదు. పారే నీళ్ళలో వదిలెయ్యాలి. అదీ పద్ధతే. తల్లీ కూతుళ్ళిద్దరూ రేవులోకి దిగారు. కాలువ ఇంకా నిండుతూనే ఉంది. అవతలి గట్టున ఎవరో నారుమడికి దుక్కి దున్నుతున్నారు. తడిమట్టి వాసన గాలిలో అలాగే ఉంది.

ఆమె వంగి ఒక పొట్లం వదిలింది. అది తిరిగి తిరిగి, ప్రవాహంలో పడి వెళ్ళిపోయింది.

రెండోది వదలబోతుంటే —

"అమ్మా. ఆకు పొట్లం ఏదీ?"

నాగదుర్గ చెయ్యి ఆగింది.

"నానమ్మ నాన్నతో చెప్తుంటే విన్నాను. ఆకొస్తే నువ్వు వెళ్ళవంట కదా."

నాగశ్రీ రెండు వేళ్ళూ కలిపి నొక్కి చూపించింది.

"ఆకైతే పల్చగా ఉంటుంది కదా అని మూడూ నొక్కి చూశాను. అన్నీ లావుగానే ఉన్నాయి. మళ్ళీ చూశాను. అందులో చిన్నది ఇదే అనుకుని తీశానమ్మా."

పిల్ల ఏడవడం లేదు. ఏడిస్తే బాగుండును. లెక్కల్లో తప్పు చేసి, ఎక్కడ చేసిందో తెలియక టీచర్ మొహంలోకి చూసే పిల్లలా చూస్తోంది.

"నేను తప్పు తీశానా?"

లేదమ్మా, అనాలి. సరిగ్గా అదే తీశావు, అనాలి. అంటే — మరి ఎందుకెళ్తున్నావని అడుగుతుంది. అనకపోతే — అమ్మని తనే పంపేసిందని, ఆ బరువు ఎన్నేళ్ళు మోస్తుందో...

పొట్లం వేళ్ళలోంచి జారిపోయింది. ఎప్పుడు జారిందో తెలియలేదు.

నీళ్ళు ఇంకో మెట్టు ఎక్కాయి. మట్టి రంగులో, చల్లగా, ఇద్దరి పాదాలూ తడిపాయి. నాగశ్రీ కాళ్ళు వెనక్కి తీసుకోలేదు. తల్లి నోటి వైపే చూస్తూ నిలబడింది.